పలమనేరు చలి మా మిద్దె మీదికి రాదు

వినాయక చవితి వెళ్ళిన వారానికల్లా ఆ పట్టిక మళ్ళీ వచ్చింది. ఏటా వస్తుంది. ఆఫీసు గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు, నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, అంతే. పైన "చలికాలపు మిద్దెతోట" అని పెద్దక్షరాలు. సెప్టెంబరులో కాలీఫ్లవర్, క్యాబేజీ నారు పోయాలి, అక్టోబరు మొదటి వారంలో క్యారెట్టు, బీట్‌రూట్ విత్తుకోవాలి, నవంబరులో బఠాణీ. అడుగున మంచు బొట్లతో మెరిసిపోతున్న బ్రోకలీ పువ్వు. ఆ బ్రోకలీ ఏ ఊళ్ళో కాసిందో గానీ, తిరుపతి జీవకోనలో మాత్రం కాదు.

ఆ పట్టికను నేను నాలుగేళ్ళు నమ్మాను. ఇప్పుడు నేననేది ఒక్కటే. తిరుపతిలో మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్ళు ఆశ్వయుజ, కార్తీకాలను చలికాలం ఖాతాలో రాసుకోకూడదు. అవి మనకు నడి వానకాలం. చలి అనేది ఉంటే గింటే మార్గశిరం నుంచి ఎనిమిది, పది వారాలు. కాబట్టి చలికాలం పంటను అయితే శ్రావణంలోనే నాటుకోవాలి, లేదంటే కార్తీకం వెళ్ళేదాకా ఆగాలి. పట్టిక చెప్పే సెప్టెంబరు, అక్టోబరులే అన్నిటికన్నా చెడ్డ ముహూర్తం. ఈ వాదనకు చిల్లులున్నాయని నాకూ తెలుసు. వాటి దగ్గరికీ వస్తాను.

వంటింట్లోకి ఎర్రనీళ్ళు

2020 లాక్‌డౌన్‌లో మిద్దెతోట మొదలుపెట్టిన లక్షల మందిలో నేనొకదాన్ని. ఆ ఏడాది సెప్టెంబరులో పట్టిక ప్రకారమే నారు పోశాను. నాలుగాకులు వేసింది, అక్టోబరు చివర్లో బ్యాగుల్లోకి మార్చాను. నవంబరు నెలాఖరులో నివర్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజుల వానకు మొక్కలన్నీ మొదళ్ళు మెత్తబడి పక్కకు ఒరిగిపోయాయి. కొత్తదాన్ని కదా, నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకున్నాను.

2021 నవంబరు సంగతి తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 18వ తేదీ రాత్రి మా మిద్దె మీద మడమలు మునిగే నీళ్ళు. నీళ్ళు పోయే గొట్టానికి కొబ్బరిపొట్టు అడ్డం పడింది. నా బ్యాగుల్లోంచి కొట్టుకొచ్చిన కొబ్బరిపొట్టే. తెల్లవారి కింద అద్దెకుండేవాళ్ళ పిల్లాడు పైకొచ్చి "ఆంటీ, మా వంటింట్లో ఎర్రనీళ్ళు కారతా ఉండాయి" అన్నాడు. నేను తెప్పించిన ఎర్రమట్టి మా శ్లాబు గుండా వాళ్ళ పొయ్యిగట్టు మీదికి దిగుతోంది. డ్రమ్ములో గెలలాగా కాసిన బొప్పాయి ఉండేది. మూడు రోజులు వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి, వారంలో ఆకులన్నీ పసుపు తిరిగి రాలిపోయాయి. బొప్పాయి వేరు ఒకటి రెండు రోజులు ఊపిరాడకపోయినా తట్టుకోలేదని తరవాత తెలిసింది. అదే వారం రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయిస్తున్నారు, కపిలతీర్థం దగ్గర మండపం దెబ్బతింది, స్వర్ణముఖి వంతెనలు కొట్టుకుపోయాయి. బొప్పాయి కోసం బాధపడుతున్నానని ఎవరితోనూ అనలేకపోయాను.

2022లో సగం నారు పోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్. అప్పటికి నా చేతిలో దోషం లేదని నమ్మకం కుదిరింది.

మనకు ఏడాదిలో పడే వానలో సగం దాకా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు మన మీదుగా పోయేది అప్పుడే. హైదరాబాదులో అక్టోబరు నడిమికి వానలు తెరిపిస్తాయి, నవంబరులో ఆకాశం తుడిచినట్టుంటుంది. అక్కడివాళ్ళకు ఆ పట్టిక అక్షరాలా సరిపోతుంది. వాళ్ళు రాసుకున్నది మనం పెట్టుకున్నాం, అంతే. సగం కొబ్బరిపొట్టు, సగం మట్టి అనే మిశ్రమం కూడా అక్కడిదే. ఎండ ఊళ్ళలో తడిని పట్టి ఉంచడానికి అది మంచిది. పది రోజులు ముసురు పట్టే ఊళ్ళో అది తడిగుడ్డ కప్పినట్టే. నారుకుళ్ళు తెగులుకు కావలసింది సరిగ్గా అదే. బ్యాగుకు చిల్లులు బాగా పెట్టి నీళ్ళు నిలవకుండా చూసుకున్నా ఇంకో నష్టం ఉంది. వాన నీళ్ళు కిందికి దిగుతూ మట్టిలోని నత్రజనిని కడుక్కుపోతాయి. చుట్టూ అంత నీరున్నా ఆకు పాలిపోయి కనిపించేది అందుకే. నేను అది చూసి నీళ్ళు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోసిన రోజులున్నాయి.

పువ్వు కట్టని ఆకులు

వాన సంగతి అలా ఉంచుదాం. వాన నుంచి కొన్ని మొక్కలు తప్పించుకున్న ఏడాది మాత్రం నేనేం కోశాను? 2022లో బతికిన తొమ్మిది కాలీఫ్లవర్ మొక్కలు మోకాలెత్తు పెరిగి, ఏనుగు చెవులంత ఆకులు వేసి, ఫిబ్రవరి దాకా ఆకులే వేశాయి. ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన "ఇదేం ఆకుకూరమ్మా?" అని అడిగాడు. మర్యాదకే అడిగాడు పాపం.

విత్తనాల పొట్లం వెనక "స్నోబాల్" అని ఉంది. దాని అర్థం అప్పుడు వెతికాను. కాలీఫ్లవర్‌లో ఒక జాతి 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కొన్ని వారాలు తగిలితే తప్ప పువ్వు కట్టదు. స్నోబాల్ రకాలు అవే. తిరుపతిలో జనవరి రాత్రులు కూడా మామూలుగా 18 డిగ్రీల చుట్టూనే ఉంటాయి, పగలు 30కి దగ్గర. కంబళి కప్పుకున్నంత మాత్రాన మనకు చలికాలం ఉన్నట్టు కాదు. భాకరాపేట ఘాటెక్కి, పీలేరు దాటి మదనపల్లెకు పోతే సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తు. తిరుపతి 160. మొగిలి ఘాటెక్కితే పలమనేరు కథా ఇంతే. మన బజారులోకి వచ్చే కాలీఫ్లవరూ క్యాబేజీ ఆ మెట్ట మీంచి దిగేవే. రెండు గంటల దూరంలో అంత సుఖంగా పండేదాన్ని కింద వేడిలో పండించాలన్న పంతం నాకెందుకు పట్టిందో ఇప్పుడు ఆలోచిస్తే, ఫోటో కోసమే. చిక్కుడు జాతి అనపకాయ ఫోటో పెడితే ఎవరూ చేతులు జోడించరు.

ఇక్కడే మొదటి చిల్లు. మా వీధి చివర రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. నా వాదనంతా విని, "స్నోబాల్ వేసి ఊరిని తిడితే ఎట్లమ్మా?" అన్నారు. ఆమె వేసేది పూసా కార్తీక్ సంకర్ లాంటి తొందర రకాలు. 20 డిగ్రీలు దాటిన వేడిలోనూ పువ్వు కడతాయి. నారు వరండాలో, వాన తగలకుండా, చేపల అంగడి నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెల్లో పెంచుతారు. కొబ్బరిపొట్టు వాడరు, మూడో వంతు ఇసుక, మిగతాది ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు. బ్యాగుల కింద రెండేసి ఇటుకలు. తుఫాను అని టీవీలో చెప్పిన సాయంత్రం మనవడిని పిలిచి బ్యాగులన్నీ మెట్ల గదిలోకి ఎక్కించేస్తారు. కిందటి జనవరిలో నాకు ఒక పువ్వు ఇచ్చారు. రెండు గుప్పిళ్ళంత ఉంది, తెల్లగా, ఒక్క పురుగు లేకుండా.

కాబట్టి తిరుపతిలో కాలీఫ్లవర్ పండదనే మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పండుతుంది, టీచరమ్మకు. పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు పోయి, తుఫాను రోజు కూడా సాయంత్రం ఆరుకు గానీ ఇల్లు చేరని మనిషికి అది పండదు. పట్టికలో ఆ షరతు ఎక్కడా రాయరు.

పొద్దు తగ్గితే పూసేది

మా అత్తది పుంగనూరు దగ్గర పల్లె. 2022 వేసవిలో మా ఇంటికొచ్చినప్పుడు చీరకొంగు ముడిలోంచి పిడికెడు అనప గింజలు తీసి ఇచ్చింది. (కోస్తా వాళ్ళకు ఒక మాట: మీ ఆనపకాయ మా సొరకాయ. మా అనపకాయ చిక్కుడు జాతిది. పెళ్ళైన కొత్తలో మా గుంటూరు తోడికోడలు ఆనపకాయ తెమ్మంటే మామ తెచ్చిన సంచి చూసి బిత్తరపోయింది.) ఆషాఢం చివర్లో వాటిని పిట్టగోడ పక్కన ఆరు పెద్ద బ్యాగుల్లో పెట్టాను. ఆగస్టుకు తీగ పాకింది, సెప్టెంబరుకు పందిరి నిండింది, పూత మాత్రం లేదు. అక్టోబరులో ఫోన్ చేసి అడిగాను, ఎరువు ఏమన్నా తక్కువైందా అని.

"ఎరువు కాదుమ్మే. పొద్దు పొట్టిది కావాల. అప్పటిదాకా నువ్వు తలకిందులైనా పూయదు. దాని లెక్క దానికుంటాది" అనింది.

ఆమె అన్నది శాస్త్రమే. నాటు అనప పగలు తగ్గితేనే పూతకొచ్చే మొక్క. మన ఊళ్ళో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో పదకొండుంబావు, పదకొండున్నర గంటల మధ్య. ఆ గంటన్నర తేడాను అది కనిపెడుతుంది. నవంబరులో పూసింది, డిసెంబరు నడిమి నుంచి కాసింది. నవంబరు వానలు దాన్నీ తడిపాయి, కానీ అప్పటికి దానికి నాలుగు నెలల వేరు ఉంది. పక్క బ్యాగుల్లో నెల వయసు కాలీఫ్లవర్ నారు కూలుతుంటే, ఇది మాత్రం రెండాకులు రాల్చి ఊరుకుంది. జులైలో నాటిన వంగ, మిరప కూడా అలాగే నిలబడ్డాయి. వానకు ముందే వేళ్ళూనినదాన్ని వాన ఏమీ చేయలేదని నాకు అర్థమైంది అప్పుడే. శ్రావణంలోనే నాటుకోవాలన్న నా మాటకు మూలం ఇదే.

గోంగూర దీనికి సరిగ్గా ఎదురు. అదీ పొద్దు లెక్కే. అక్టోబరులో వేస్తే జానెడు ఎత్తులోనే పూతకొచ్చేసి, ఆకు చిన్నదైపోతుంది. పట్టికలో గోంగూర "ఏడాది పొడవునా" అని ఉంటుంది. మొలకెత్తడానికి ఏడాది పొడవునా మొలకెత్తుతుంది, నిజమే.

అనపకాయలకు తెగులు లేదనుకోకండి. డిసెంబరులో పూగుత్తుల మీద నల్లగా పేనుబంక పట్టేస్తుంది. లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, సాయంత్రం పూట. రెండుసార్లు కొడితే తగ్గుతుంది, మూడోసారి మళ్ళీ వస్తుంది. పోయినేడు సంక్రాంతి లోపల ఏడు కిలోల చిల్లర కాయలు కోశాం. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో, పప్పు గిన్నెలో. పితికిన పప్పు, రాగి సంగటి. మంచు పడిన రోజు కోసిన కాయకుండే ఆ ఘాటు వాసన రెండు రోజులు బస్తాలో మగ్గిన కాయకు ఉండదు. ఇది నా నాలుక చెప్పే మాట, దీనికి రుజువులు అడగొద్దు.

మా ఆయన లెక్క

రెండో చిల్లు మా ఆయన పెట్టాడు. ఆయన లెక్కల మనిషి. "సంక్రాంతికి అనపకాయలు బజార్లో గుట్టలు పోస్తారు. ఏ కాలంలో ఏది చవకో అదే నువ్వు పండిస్తా ఉండావు. ఖరీదైనది పండించబోతే చచ్చిపోతా ఉంది. ఇందులో మనకు మిగిలేదేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాలానికి తగిన పంట మనకు ఎంత తేలికో రైతుకూ అంతే తేలిక, అందుకే అది చవక. బ్యాగులు, మట్టి, ఆటో బాడుగ కలిపితే మా అనపకాయ కిలో ఎంత పడిందో లెక్క వేయొద్దని ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

నెల తరవాత జవాబు దానంతటదే దొరికింది. ముసురు పట్టిన వారం, కొత్తిమీర కట్ట అడిగితే అంగడామె నలభై అనింది. అదీ సగం కుళ్ళినది. వాన పడితే ముందు చేలో చచ్చేది ఆకుకూరే. నారు కన్నా, కాయ కన్నా ముందు. ధర ఎగిరేది దానికే. 2021 నవంబరులో టమోటా వంద దాటడమూ ఆ వానల వల్లే, కానీ టమోటా మొక్కను వానలో కాపాడటం నా వల్ల కాదు. కొత్తిమీరను కాపాడగలను. దానికి జానెడు లోతు ట్రే చాలు, మెట్ల గది కిటికీ దగ్గర పొద్దున ఎండ చాలు, పైన రేకు చాలు. ధనియాలను చపాతీ కర్రతో రెండుగా చిదిమి చల్లితే నలభై రోజుల్లో కోతకొస్తుంది. మెంతికూర అయితే మూడు వారాలే. కార్తీకమంతా నాలుగు ట్రేలు తిప్పుకుంటే బజారులో నలభై అయిన రోజు మా ఇంట్లో రసం మీద కొత్తిమీర ఉంటుంది. ఇది విన్నాక మా ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టే లెక్క.

ఆకుకూరలు ఇలా కప్పు కింద, మిగతావి శ్రావణంలో లేదా కార్తీకం తరవాత. డిసెంబరు నడిమిలో ముల్లంగి, పాలకూర, బీట్‌రూట్ వేస్తాను. ఎండలు ముదిరే లోపల వచ్చేస్తాయి. క్యారెట్టు మాత్రం నాకు చిటికెన వేలు దాటలేదు.

ఎండ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, నేనూ రెండేళ్ళు గమనించలేదు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం మన ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరుకు బాగా దక్షిణానికి జారతాడు. అప్పుడు దక్షిణం పక్క మూడడుగుల పిట్టగోడ నీడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా రెండడుగుల పైచిలుకు లోపలికి పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా ఎక్కువ. వేసవిలో ఎండకు మాడిన మూల చలికాలంలో నీడ మూల అవుతుంది. నా ముల్లంగి రెండేళ్ళు ఆకు తప్ప గడ్డ ఊరనిది ఆ మూలలోనే. ఇప్పుడు ఆ గోడ పక్కన అనప తీగ ఉంది. అది గోడెక్కి ఎండను తనే వెతుక్కుంటుంది.

జామ, కోతులు

పండ్లలో నాకు మిగిలింది జామ ఒక్కటే. రెండొందల లీటర్ల డ్రమ్ము సగానికి కోసి పెట్టిన మొక్క. జామ వానల్లోనూ కాస్తుంది, చలిలోనూ కాస్తుంది. వానల కాయ నీరునీరుగా ఉంటుంది, పండుఈగ గుడ్లు పెట్టి లోపల పురుగులే. చలికి పండిన కాయ చిన్నదైనా తీపి. అందుకని ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన పూతంతా చేత్తో తుంచేసి, నీళ్ళు తగ్గించి, వానకాలం పూతను నిలబెడతారు. నేనూ తుంచాను. పూత తుంచుతుంటే మా అత్త చూసి మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పూసినదాన్ని తుంచేదేందని.

డిసెంబరులో పద్నాలుగు కాయలు రంగు తిరిగాయి. జీవకోన కొండ పక్కనే కదా, ఒక ఆదివారం పొద్దున కోతుల మంద దిగింది. ఒక్కొక్క కాయనూ ఒక్క కొరుకు కొరికి, నచ్చలేదన్నట్టు కింద పారేశాయి. అత్త వాకిట్లో కూర్చుని "చూస్తివా, తుంచినందుకు" అనింది. వలకు పెట్టిన ఖర్చు కూడా మా ఆయనకు చెప్పలేదు.

కార్తెల ప్రకారం చేయొచ్చు కదా, ఈ గొడవంతా ఎందుకు అని అడిగిన స్నేహితులున్నారు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నవాళ్ళకు ఈ నేల మీద వాన సంగతి నాకన్నా బాగా తెలుసు, కాదనను. కానీ ఆ సామెతలు చెనిక్కాయ చేలకు పుట్టాయి. పదిహేను లీటర్ల బ్యాగులో రెండు రోజుల ఎండకు ఎండిపోయి, రెండు గంటల వానకు మునిగిపోయే మట్టికి కాదు. వాటిని గౌరవిస్తాను, వాటి మీద ఆధారపడను. ఒకవేళ ఏ ఏడైనా ఈశాన్యం ముఖం చాటేస్తే, పట్టిక నమ్మినవాళ్ళే గెలుస్తారు, నేను నవ్వులపాలవుతాను. అలాంటి ఏళ్ళూ వచ్చాయి, మళ్ళీ వస్తాయి. నాలుగింట మూడు నష్టపోయిన చేత్తో మళ్ళీ పందెం కాయలేను.

ఈసారి అనప తీగ పందిరెక్కింది, పూత లేదు. వంగ, మిరప మోకాలెత్తు. వరండాలో కొత్తిమీర ట్రేలు నాలుగు. మిగిలిన పద్నాలుగు బ్యాగుల్లో పాత మట్టి కుప్పపోసి టార్పాలిన్ కప్పాను, బ్యాగులు కడిగి బోర్లించాను. నీళ్ళు పోయే గొట్టానికి ఇనుప జాలీ బిగించి, కింద అద్దెకుండేవాళ్ళ పిల్లాడికి చూపించాను. వాడిప్పుడు తొమ్మిదో తరగతి. జాలీని ఊపి చూసి "నిలబడతాది లే ఆంటీ" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

నిన్న గ్రూపులో పట్టిక పెట్టినాయనే అడిగాడు, "మేడమ్, మీ చలికాలం తోటలో ఏం వేశారు?" అని. బోర్లించిన బ్యాగుల ఫోటో తీసి పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు ఈసారి రెండే వచ్చాయి.